నెల తప్పిన గౌరి

లక్ష్మణమ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళింట్లో చేప వేగితే వాసన మాకొస్తుంది, మా పిల్లలు కొట్టుకుంటే కేకలు వాళ్ళకు వినిపిస్తాయి. అందుకే ఆమె కోడలు గౌరి సంగతి నేను చెప్పగలను. నేను లేని చోట ఏం జరిగిందో గౌరే చెప్పింది. రాస్తానంటే, "రాయక్కా, నా పేరు మార్చకు" అంది.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోటలు వస్తాయి. అవి అయిపోయాక ఇసుక, ఆ ఇసుకలోనే మా పేట. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు పొద్దున్నే ఒడ్డున వేలంపాటలో చేప కొని, తట్టల్లో పెట్టుకుని ఊళ్ళ మీదికి అమ్మకానికి పోతారు. ఇక్కడి వేటతో గడవని ఇళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లో వేరావల్‌కు బోటు పనికి వెళతారు. వానాకాలం మధ్యలో రైలెక్కితే మళ్ళీ ఎండలు ముదిరేదాకా రారు. ఏడాదిలో ముప్పాతిక భాగం మా పేటలో సగం ఇళ్ళ గుమ్మాల దగ్గర మగవాళ్ళ చెప్పులు కనబడవు.

గౌరి మొగుడు ఈశ్వర్ అలా వెళ్ళేవాడే. లక్ష్మణమ్మకు ఒక్కడే కొడుకు. వాడి చిన్నతనంలోనే తండ్రి గంగులు తుపానులో పోయాడు. గౌరి లక్ష్మణమ్మకు స్వయానా తమ్ముడి కూతురు, భావనపాడు వైపు పిల్ల. పాలపళ్ళు ఊడని వయసు నుంచి ఈశ్వర్‌ని బావా అని పిలిచింది, ఇరవయ్యో ఏట ఆ బావనే పెళ్ళాడి ఈ పేటకు వచ్చింది.

వచ్చిన నెలలోనే గౌరి గొంతు పేటంతా తెలిసిపోయింది. "కానాగంతలోయ్" అని ఒక వీధి మొదట్లో అరిస్తే చివరి ఇంట్లో వాళ్ళు గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవారు. బేరమాడే వాళ్ళందరికీ ఏదో ఒక పేరు పెట్టేది. నసిగే మాస్టారికి ముల్లు మాస్టారని, చేప తిరగేసి తిరగేసి చూసే ముసలావిడకు పోలీసమ్మ అని. వాళ్ళు కూడా ఆ పేర్లకు నవ్వుకుంటూ పలికేవారు.

రెండేళ్ళు గడిచేసరికి ఆ మనిషి మెల్లగా మారింది. ఒళ్ళు వచ్చింది, అదీ ఎక్కువగా నడుము చుట్టూ. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా తయారైంది. పీచు పెట్టి తోముకునేది, రక్తం వచ్చేదాకా తోమినా ఆ నలుపు పోలేదు. బుగ్గల మీద మొటిమలు. ఎండలో ఉన్నా నీడలో ఉన్నా కొంగు గెడ్డం కిందికి లాక్కుని ఒక చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకుంది. అరవడం తగ్గించింది. ఇంటి ముందుకు వెళ్ళి తట్ట దించి ఊరికే నిలబడేది.

నెలసరి ఆమెకు మొదట్నుంచీ వరస తప్పి వచ్చేది. రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు. వాళ్ళమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగించేది. పెళ్ళయ్యాక అదే ఆమె ప్రాణానికి వచ్చింది. నెల తప్పిందంటే మనవాళ్ళకు ఒకటే అర్థం కదా. ఈశ్వర్ ఇంట్లో ఉన్న ఒక వేసవిలో రెండు నెలలు రాకపోతే గౌరి అత్తకు చెప్పింది. లక్ష్మణమ్మ ఆగలేదు. శ్రీకాకుళం వెళ్ళి లడ్డూలు తెచ్చి ఇంటింటికీ పంచింది. తరవాతి వారమే గౌరికి నెత్తురు కనిపించింది. పెరట్లో బట్టలు ఉతుకుతూ ఏడ్చిందట. కడుపు నిలవలేదు పాపం అని పేటంతా వచ్చి ఓదార్చింది. అసలు కడుపే రాలేదని ఎవరికీ చెప్పలేకపోయింది. ఆ తరవాత నెలసరి ఎప్పుడు వచ్చినా రాకపోయినా తనలోనే ఉంచుకుంది.

నేను చెప్పబోయేది ఆ మరుసటి ఏడు జరిగింది. ఈశ్వర్ ఎప్పట్లాగే శ్రావణంలో వేరావల్ వెళ్ళాడు. కార్తీకంలో గంగమ్మ పండగ వచ్చింది. పేట ఆడవాళ్ళందరూ ఘటాలు ఎత్తారు, గౌరి మాత్రం ముట్టయిందని గడప దాటలేదు. అందరికీ తెలిసిన సంగతే. ఆ తరవాత మాఘం వెళ్ళినా ఆమెకు మళ్ళీ రాలేదు. అది ఎవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున ఒడ్డున పాట సాగుతోంది. సావిడాయ చేపల రాశి ముందు కూర్చున్న గౌరి లేవబోయి తూలింది. పక్కకు వెళ్ళి ఇసుకలో వాంతి చేసుకుంది. ముందురోజు రాత్రి మిగిలిన పీతల కూర తిన్నదట, అది పడలేదు. పక్క వీధి దానమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. దానమ్మకు నోరు ఎక్కువే గాని చెయ్యి కూడా అంతే తొందరగా ముందుకు వస్తుంది. గౌరి వీపు రాస్తూ నవ్వింది.

"ఏటే గౌరీ, ఇసేసమేటి? అత్త మళ్ళీ లడ్డూలు తేవాలేటి?"

అంటూనే ఆమె చెయ్యి గౌరి వీపు మీద ఆగిపోయింది.

"ఈశ్వర్ ఎల్లి ఎన్నాళ్ళయినాదే?"

గౌరి జవాబు చెప్పలేదు. నోరు కడుక్కుని, తట్ట అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఆ మౌనాన్ని దానమ్మ తప్పుగా తీసుకుంది. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర అందరూ వేళ్ళు మడిచి లెక్కలు వేస్తున్నారు. శ్రావణంలో వెళ్ళాడు, కార్తీకంలో ముట్టయింది, మరి ఇప్పుడు ఈ వాంతులు ఎలా అని. గౌరి నడుము వైపు చూసి కళ్ళు తిప్పుకునేవారు. తను బిందె పట్టుకుని వస్తే మాటలు ఆగిపోయేవి.

ఎండుచేపలు ఆరబోసే చోట ఈ మాట లక్ష్మణమ్మ చెవిన పడింది. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు. గోడ ఇవతల నాకు ఆ పూట గిన్నె చప్పుడు కూడా వినబడలేదు. ఆమె గౌరిని ఏమైనా అంటుందేమోనని నాకు భయంగానే ఉండింది. మర్నాడు పొద్దున్నే పెరట్లో వాళ్ళ మాటలు వినిపించాయి.

"ఒలే గౌరీ, ఇలగొచ్చి కూకో."

"ఏటత్తా?"

"పేటలో ఏటంటన్నారో ఇన్నావా?"

గౌరి పీట లాక్కుని కూర్చున్న చప్పుడు.

"నాను ఒక్కమాటే అడుగుతాను. నువ్వేటి సెప్తే నాకదే నిజం. కడుపులో ఏటైనా ఉన్నాదా?"

"నేదత్తా." అంది గౌరి. "కార్తీకం కాడ నుంచి నాకు ముట్టు రానేదు. అంతకు ముందూ అంతే, వొస్తే వొచ్చినట్టు నేపోతే నేనట్టు. నాకేటైనాదో నాకే తెల్దు."

"మరి నాతోటి ఎందుకు సెప్పనేదే?"

"ఏటని సెప్పీది? ఓపాలి సెప్తే లడ్డూలు పంచీసినావు."

తరవాత లక్ష్మణమ్మ ముక్కు చీదిన చప్పుడు.

"నాను నీకు అత్తనయ్యింది నిన్నగాక మొన్న. నువ్వు పుట్నప్పుడు నిన్ను ముందెత్తుకున్నది నానే. మీ అమ్మకంటే ముందే ఎత్తుకున్నాను. లే, మొకం కడుక్కో. సీర మార్సుకో. శ్రీకాకుళం ఎల్దాం."

ఆసుపత్రిలో డాక్టరమ్మ విజయనగరం మనిషి. సన్నగా, కళ్ళద్దాలతో, తొందర లేకుండా మాట్లాడుతుందని గౌరి చెప్పింది. ముందు మూత్రం పరీక్ష చేయించింది. కాగితం వచ్చాక లక్ష్మణమ్మ కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

"కడుపు కాదు కదమ్మా?"

"కాదు."

"కొంచెం గట్టిగా సెప్పండమ్మా."

డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఎవరికి వినబడాలి?"

"మా పేటకండి."

ఆ మాటతో ఆమెకు సంగతి కొంత అర్థమైనట్టుంది. తలుపు దగ్గరికి వేసి వచ్చి, గౌరి పక్కనే స్టూలు మీద కూర్చుంది. కొంగు కొంచెం తియ్యమంది. గౌరి తియ్యలేదు. డాక్టరమ్మ బలవంతపెట్టకుండా కూర్చుంది. చివరికి గౌరే వేళ్ళు వదిలింది. గెడ్డం కింద గరుకుగా వెంట్రుక మొలకలు, వాటి మధ్య ఎండిన గాట్లు.

"ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావు?"

"రెండేళ్ళ నుంచండి."

"దేంతో?"

గౌరి అత్త వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "బావ గెడ్డం గీసుకునే బ్లేడుతోటండి."

ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకునే లక్ష్మణమ్మకు ఆ సంగతి తెలియదు. ఉప్పు తగిలి పగుళ్ళిచ్చిన చేత్తో గౌరి గెడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది.

"ఒలమ్మా, ఎంతలాగ కోసీసుకున్నావే!"

గౌరి అప్పటిదాకా బిగబట్టుకున్నది ఆగలేదు. "నాను ఆడదాన్నో కాదో నాకే తెలవటం నేదత్తా. ముట్టు రాదు. గెడ్డం వొస్తాది. బావకి తెలిస్తే నాకేసి సూస్తాడా?"

ఆమె ఏడుపు తగ్గేదాకా డాక్టరమ్మ ఆగింది. తరవాత లోపలికి తీసుకెళ్ళి స్కానింగ్ చేసింది, రక్త పరీక్షలకు పంపింది, థైరాయిడ్ కూడా చూడాలంది. అన్నీ వచ్చాక, మధ్యాహ్నం దాటాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"నువ్వు ఆడదానివే గౌరీ, అందులో ఏ అనుమానమూ పెట్టుకోకు. దీన్ని పీసీఓఎస్ అంటారు. ఆడవాళ్ళకి గర్భసంచికి రెండు వైపులా అండాశయాలుంటాయి. నెలనెలా వాటిలో కొన్ని గుడ్లు ఎదగడం మొదలెడతాయి. ఒకటి పూర్తిగా ఎదిగి బయటికొస్తుంది. అది వస్తేనే నెలసరి వరసగా వస్తుంది. నీకు అవి సగంలోనే ఆగిపోతున్నాయి. స్కానింగులో చిన్న బుడగల్లా కనబడేవి అవే. గడ్డలు కావు, కోసి తియ్యక్కర్లేదు."

"సేప కడుపులో జన గుడ్లు ముదరకుండా ఆగిపోనట్టా అండి?" అంది గౌరి.

డాక్టరమ్మ నవ్వింది. "అలాగే అనుకో. మగవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోను ఒకటుంది. అది ఆడవాళ్ళందరిలోనూ కొంచెం ఉంటుంది. నీలో ఆ కొంచెం కాస్త పెరిగింది. గెడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు దానివల్లే. మెడ మీద నలుపు మురికి కాదు, ఇంక తోమకు. ఒంట్లో ఇన్సులిన్ చేసే పని సరిగా జరగకపోతే అలా వస్తుంది. నీ షుగరు కూడా అంచు మీదుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"ఈల అయ్యకున్నాదండి," అంది లక్ష్మణమ్మ. "మా అమ్మకైతే కాలు తీసీసినారు. ఏటి తప్పు సేస్తే ఇది వొస్తాదమ్మా?"

"తప్పేం లేదమ్మా. కొంత పుట్టుకతో, కొంత కుటుంబంలో వస్తుంది. పదిమంది ఆడవాళ్ళలో ఒకరికి ఉంటుందనుకోండి. సగం మందికి ఉన్నట్టే తెలియదు."

గౌరి అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది. "పిల్లలు పుడతారా అండి?"

"చాలామందికి పుడతారు. కొందరికి గుడ్డు విడుదలవడానికి మందు సాయం కావాలి. అది మీ ఆయన వచ్చాక చూద్దాం. ఇప్పుడు మాత్రం నీ కోసం చూసుకో. నెలసరి ఇన్నేసి నెలలు రాకుండా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ముందుముందు ప్రమాదం. షుగరు, బీపీ చిన్న వయసులోనే పట్టుకుంటాయి. ఇది పూర్తిగా పోయేది కాదు గాని చేతిలో ఉంచుకోవచ్చు." గౌరి మొహంలోకి చూసి అడిగింది. "ఊరికే ఏడుపొస్తుందా? ఏ పనీ చెయ్యబుద్ధి కాదా?"

గౌరి తలూపింది.

"అది కూడా దీనిలో భాగమే. అది కూడా నాకు చెప్పాలి."

నెలసరి రావడానికి మాత్రలు, షుగరు అదుపులో ఉండడానికి మాత్రలు రాసిచ్చింది. మూడు పూటలా తినే గిన్నెడు అన్నం తగ్గించి చేప, ఆకుకూర, మేము చోడి అనే రాగులు పెంచమంది. ఆటోస్టాండులో తాగే పాకంలాంటి టీలు మానెయ్యమంది. రోజూ చెమట పట్టేలా నడవమంది. వెంట్రుకలు తీసుకోవడం తప్పు కాదని, తీస్తే దట్టంగా మొలుస్తాయన్నది ఉత్త మాటేనని, కోసుకోకుండా తీసుకొమ్మని కూడా చెప్పింది.

మర్నాడు ఉదయం నేను పెరట్లోకి వెళ్ళేసరికి గోడ అవతల ఎండలో గౌరి పీట మీద కూర్చుని ఉంది. లక్ష్మణమ్మ ఎదురుగా గొంతుకూర్చుని, ఎప్పుడో ఉచిత కళ్ళజోళ్ళ శిబిరంలో ఇచ్చిన అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, చిన్న కత్తెరతో ఒక్కొక్క వెంట్రుకే కత్తిరిస్తోంది. గౌరి కళ్ళు మూసుకుంది.

"కదలకే. నీ మొగుడి నాయన సచ్చిపోనాక నాకూ ఇక్కడ రెండు వొచ్చినాయి. సూసినావేటి?" అని తన గెడ్డం చూపించింది.

"నువ్వు ముసిల్దానివి కాబట్టి వొచ్చినాయి."

"నీ నోటికి జబ్బేటీ రానేదు గదా, సంతోసం."

గౌరి నవ్వింది. చాలా కాలం తరవాత ఆ నవ్వు నాకు వినిపించింది. నేను పలకరించకుండానే లోపలికి వచ్చేశాను.

ఇక ఈశ్వర్ సంగతి. అతని బోటు సముద్రం మీదుంది. ఒకసారి వేటకు వెళితే పది పన్నెండు రోజులు ఫోను అందదు. బోటు ఒడ్డుకు చేరి సిగ్నల్ రాగానే ముందుగా అతనికి అందింది ఇంటి ఫోను కాదు. పేటలోనివాడే ఎవడో, మంచి చెబుతున్నాననుకునే రకం, ఫోను చేసి అంతా చెప్పాడు. పక్కనున్న వాళ్ళు కూడా విన్నారు. ఆ రోజంతా ఈశ్వర్ ఇంటికి చెయ్యలేదు. మర్నాడు సాయంత్రం చేశాడు. గౌరి ఫోను ఎత్తింది. అవతల సముద్రపు గాలి చప్పుడే.

"అమ్మకియ్యి," అన్నాడు చివరికి.

లక్ష్మణమ్మ ఫోను తీసుకోలేదు. "నాకెందుకు? నీ పెళ్ళాంతోటి మాట్లాడు. నాను సెప్పాల్సింది ఏటీ నేదు," అని ఫోనుకు వినబడేలా అరిచి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు గౌరి చెప్పింది. నెలసరి సంగతి, స్కానింగ్ సంగతి, మెడ సంగతి. గెడ్డం సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి అతని బ్లేడు వాడానని కూడా చెప్పింది. అంతా అయ్యాక గౌరి అంది, "స్కానింగ్ కాయితాలు ఫొటో తీసి పంపిస్తాను బావా. సూసుకో."

"కాయితాలెందుకు? నాకేటైనా సదువొచ్చినాదా?"

"ఎవుడి సేతనైనా సదివించుకో. ఆలకి కూడా తెలుస్తాది."

"ఆలకి నాను సెప్పుకుంటాను." అన్నాడు ఈశ్వర్. "నిన్న నాకు మనసేటీ బాగోనేదు గౌరీ. నిన్ను అనుమానించి కాదు. అంతమంది ముందర ఆడు అలగన్నాడు, నాను ఏటీ అననేకపోనాను. అదీ బాద. డాక్టరమ్మ మాత్రలిచ్చిందా? ఏసుకుంటన్నావా?"

"ఏసుకుంటన్నాను."

"ఆ గాట్లు మానినాయా?"

గౌరికి అది చాలు. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు కూడా ఆమె కళ్ళు తడిశాయి.

పేట నోరు మూయించే పని లక్ష్మణమ్మ ఒడ్డునే పెట్టుకుంది. పాట అయిపోయి ఆడవాళ్ళు తట్టలు సర్దుకుంటుంటే మధ్యలో నిలబడింది. పెద్దగా అరుస్తుందనుకున్నాం. అరవలేదు. "నా కోడలికి కడుపు కాదు. ఒంట్లో బాగోక ముట్టాగిపోనాది. డాక్టరమ్మ సూసినాది, మందులిచ్చినాది. మనకీ ఆడపిల్లలున్నారు, ఈ జబ్బు ఎవులికైనా వొస్తాదంట. ఇంక మీ ఇస్టం," అని తన తట్ట తనే ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎవరూ క్షమించమనలేదు. కొందరు ఆ రోజు నుంచి గౌరితో మామూలుగా మాట్లాడారు, కొందరికి కొన్నాళ్ళు పట్టింది. ఒకరిద్దరు ఇప్పటికీ నమ్మినట్టు లేరు.

దానమ్మ మాత్రం నాలుగైదు రోజుల తరవాత మా వీధిలోకి వచ్చింది. వెనక ఆమె కూతురు కుమారి. ఇంటర్ చదువుతున్న పిల్ల, మొహం నిండా మొటిమలు, ఆ మధ్య కాలేజీకి పోనని మొండికేస్తోందని విన్నాం. లక్ష్మణమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది. తల ఎత్తలేదు.

"వొదినా," అంది దానమ్మ.

"ఏటి?"

"నా గుంటకి కూడా ఆర్నెల్ల నుంచి ముట్టు నేదు. ఎవులికీ సెప్పనేదు. సెప్తే ఏటంటారో అని బయం."

ఏమంటారో దానమ్మ కంటే బాగా ఎవరికి తెలుసు? లక్ష్మణమ్మ పెదాల దాకా వచ్చిన మాట మింగినట్టు నాకనిపించింది. ఆమె జవాబిచ్చేలోపే గౌరి లోపలినుంచి వచ్చింది. దానమ్మ వైపు చూడలేదు. కుమారి చెయ్యి పట్టుకుని గుమ్మం మీద కూర్చోబెట్టుకుంది.

"బయపడకు. రేపు నాను ఎల్తాను మందులకి. నాతోటి రా. సూది ఒకటే, రక్తం తీయడానికి. మిగతాది నొప్పేటీ ఉండదు."

"నాకూ గెడ్డాలొస్తాయా అప్పా?" అని అడిగింది ఆ పిల్ల నెమ్మదిగా.

"ఏమో. వొస్తే ఇద్దరం కూకుని తీసుకుందాం."

గౌరి దానమ్మను క్షమించిందా అని నేను తరవాత అడిగాను. "ఇంకా నేదక్కా. గుంట ఏటి సేసినాది పాపం," అంది.

మాత్రలతో గౌరికి నెలసరి వచ్చింది. మొదటి రెండుసార్లు నడుం విరిగేలా నొప్పి, మంచం దిగలేదు. షుగరు మాత్రలు మొదట్లో కడుపులో తిప్పేవి, మానేస్తానని ఏడ్చింది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచింది. అన్నం తగ్గించడం అన్నిటికంటే కష్టమైంది. చోడి అంబలి తాగి, అరగంటకే గిన్నె మూతలు తెరిచి చూసుకునేది. ఆటో మానేసి తట్టతో శ్రీకూర్మం దాకా నడవడం మొదలుపెట్టింది. బరువు తగ్గింది గాని ఎక్కువేం కాదు. నడుము అలాగే ఉంది. ఆ కొద్దిపాటికే నెలసరి కొంత దారిలోకి వచ్చిందని, షుగరు వెనక్కి తగ్గిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. మెడ మీద నలుపు పూర్తిగా పోలేదు. గౌరి దాన్ని తోమడం మానేసింది.

ఎండల్లో ఈశ్వర్ వచ్చాడు. ఆ ఏడు శ్రావణంలో మళ్ళీ రైలెక్కలేదు. మేనమామ, అంటే గౌరి తండ్రి, ఇచ్చిన ఫైబర్ తెప్ప మీద ఇక్కడే వేటకు వెళ్ళాడు. ఇక్కడ రాబడి తక్కువని అందరూ చెప్పారు, అతను విన్నాడు, ఉండిపోయాడు. ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. అతనికీ పరీక్షలు చేశారు. గౌరికి గుడ్డు విడుదలయ్యే మాత్రలు ఇచ్చారు. కొన్ని నెలలు ఏమీ కాలేదు. తరవాత కడుపు నిలిచింది, మూడో నెలలో పోయింది. ఈసారి నిజంగానే పోయింది. లక్ష్మణమ్మ ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ ఓదార్చడానికి రానివ్వలేదు. ఆ వారం రోజులూ ఈశ్వరే వండాడు, ఉప్పు ఎక్కువ వేసి.

ఒకరోజు ఒడ్డున కూర్చుని ఉన్నప్పుడు గౌరి అతనితో, "నాకు పిల్లలు పుట్టకపోతే ఏటి సేస్తావు?" అని అడిగిందట.

"ఏటి సేస్తాను? వేటకెల్తాను, వొస్తాను, నువ్వు అమ్మీసి వొస్తావు, తింటాం, తొంగుంటాం."

"నవ్వులాట కాదు బావా."

"నానూ నవ్వులాటకి అననేదు."

కొన్నాళ్ళు మందులు ఆపి విశ్రాంతి తీసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టిన ఏడు గౌరికి కూతురు పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు పెరిగి సూదులు వేసుకోవాల్సి వచ్చింది, చివర్లో ఆపరేషన్ చేసి తీశారు. పిల్లకు యమున అని పేరు పెట్టారు. లక్ష్మణమ్మ ఈసారి లడ్డూలు తేలేదు. కోడలికి తీపి మానిపించి తను పంచడం ఏం బాగుంటుందని, వేయించిన నెత్తళ్ళు ఇంటింటికీ ఇచ్చింది.

ఇప్పుడు యమునకు రెండేళ్ళు. ఈశ్వర్ కిందటేడు మళ్ళీ వేరావల్ వెళ్ళాడు, వెళ్ళక తప్పలేదు. కుమారి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. మాత్రలు సరిగా వేసుకోదని గౌరి నడివీధిలో తిడుతుంది, ఆ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని వింటున్నట్టు తలూపుతుంది. గౌరికి ఏడాదికోసారి షుగరు చూపించుకోవడం ఉంది. నెలసరి ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతుంది, అలాంటప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళుతుంది. గెడ్డానికి శ్రీకాకుళంలో పార్లరుకు పోతుంది. కొంగు పట్టుకోవడం మానేసింది.

నిన్న సాయంత్రం తడి ఇసుక మీద నేనూ ఆమెతో నడిచాను. లక్ష్మణమ్మ యమునను చంకనేసుకుని కొంత దూరం మాతో వచ్చి, మోకాళ్ళు నొప్పులని ఒక తెప్ప అంచున కూలబడింది.

"ఒలే, పిల్ల నిద్రపోనాది. ఇంటికి పదండే," అని కేకేసింది.

"నువ్వెల్లత్తా. నానూ అక్కా ఆ మలుపు కాడికెల్లి వొచ్చీస్తాం," అని గౌరి అరిచింది. ఆ గొంతుకు ఒడ్డున వల లాగుతున్న వాళ్ళు కూడా తల తిప్పి చూశారు.

లక్ష్మణమ్మ వెళ్ళలేదు. పిల్ల తల మీద కొంగు కప్పి, మేము తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.